ఎమెట్‌కి తెలుసట

అల్కలీ జంక్షన్, నెవాడా
ఫిబ్రవరి 2, 1965

ప్రియమైన ఎమెట్‌కి,

నువ్వు రైలెక్కి ఇరవై రోజులైంది. నేను ఉత్తరం రాయడం ఇదే మొదలు. కోపం తెచ్చుకోకు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని. కాగితం ముందు పెట్టుకుంటే చెప్పాల్సినవన్నీ తలలోంచి ఎగిరిపోతాయి. నువ్వు భోంచేస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టు రాస్తాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

బిడ్డ కదులుతోంది. డాక్టరు మే మొదటి వారం అన్నాడు. అప్పటికి షికాగోలో నీ చదువు అయిపోతుంది కదా? కొత్త రకం మెషిన్లు నేర్చుకోవడానికి నాలుగు నెలలా అని మీ జూదం క్లబ్బులో అందరూ నవ్వుతున్నారని ఫే చెప్పింది. ఫే అంటే పక్కింట్లోకి కొత్తగా రీనో నుంచి వచ్చిన అమ్మాయి. క్లబ్బులో పేకలు పంచుతుంది. గట్టిగా మాట్లాడుతుంది కానీ మంచిది.

ఇంకో సంగతి. అది మంచిదో చెడ్డదో నాకు తెలియడం లేదు. నిన్న మధ్యాహ్నం సిస్టర్ వెల్డా వచ్చింది. అవతల యూటా వైపు మా చర్చి సంఘంలో పియానో వాయిస్తుంది, చూశావు కదా. డెబ్బై ఏళ్ల మనిషి. పిల్లల బండి తోసుకుంటూ వచ్చింది. మునిమనవడేమో అని వంగి చూశాను. బొంత తీస్తే లోపల జూదపు డబ్బా ఉంది. మన ఇంట్లో ఉన్నవాటిలాంటిదే, పక్కన పిడి, మధ్యలో మూడు చక్రాలు, వాటి మీద పళ్ల బొమ్మలు.

"ఎమెట్‌కి తెలుసులే," అంది.

"ఏం తెలుసండి?"

"అన్నీ తెలుసు. నువ్వు కాస్త ఆ తలుపు పట్టుకో తల్లీ."

బండితో సహా లోపలి గదిలోకి తోసేసింది. బండి మర్చిపోయారండీ అని వెనకాలే వెళ్తే, "ఎలాగూ నీకు కావాలి కదా, ఉంచుకో," అని గబగబా వెళ్లిపోయింది. ఆ వయసులో అంత వేగంగా నడవగలదని నేను అనుకోలేదు.

బిడ్డ పుట్టేదాకా ఇంకొకటి కొననన్నావు. నేనేమీ అనడం లేదు. కానీ ఆ లోపలి గది బిడ్డ కోసం అనుకున్నాం. తొమ్మిది డబ్బాలు ఉన్నాయి, ఇప్పుడు పది.

నిన్న పోస్టాఫీసులో నాన్న కనిపించాడు. గోడకి అంటించిన నోటీసులు చదువుతున్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. పారిపోయిన దొంగ ఫోటో ఉన్న నోటీసు రెండుసార్లు చదివాడు, నా వైపు మాత్రం తిరగలేదు. మన పెళ్లయి పద్నాలుగు నెలలు. "ఆ డబ్బాలున్న ఇంటి గడప తొక్కను" అన్నాడు, అన్న మాట మీదే ఉన్నాడు. మా వాళ్లలో బిడ్డ తల మీద చెయ్యి వేసి పేరు పెట్టి ఆశీర్వదించాల్సింది ఇంటి పెద్ద. నువ్వు మా సంఘం మనిషివి కావు కాబట్టి నాన్నే చెయ్యాలి. యూటా వైపు ఆయన ఇల్లు ఇక్కడికి మైలు దూరం. ఆ మైలు ఆయన ఎలా నడుస్తాడా అని రోజూ ఆలోచిస్తున్నాను. నాకు ఇంకేమీ వద్దు ఎమెట్. ఆయన ఒక్కసారి మన గడప దాటి రావాలి, అంతే.

స్వెట్టరు వేసుకుంటున్నావా?

నీ
నెడ్రా

*

షికాగో
ఫిబ్రవరి 7

నా నెడ్డీకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండుసార్లు నీకోసం, మూడోసారి ఆ పియానో ముసలమ్మ కోసం. ఆవిడ దగ్గర నేనేమీ కొనలేదు. ఆవిడతో నేను మాట్లాడింది ఒకే ఒక్కసారి, మన పెళ్లిలో, అదీ "టోపీ తియ్యి" అంటే తీశాను. ఎమెట్‌కి తెలుసట! ఎమెట్‌కి ఏమీ తెలియదు. డబ్బా వదిలి తర్వాత ధర చెప్పే రకమేమో. మళ్లీ వస్తే బొంత కప్పి, బండి దిక్కు మార్చి పంపించు.

అయినా దాని ముందు భాగం ఎలా ఉందో రాయి. ఊరికే, తెలుసుకోవడానికి.

ఇక్కడ మాకు నేర్పే కొత్త మెషిన్‌కి పిడి ఉంది కానీ అది తలుపుకి బొమ్మ గొళ్లెం లాంటిది. లోపల మోటారు. మూత తీస్తే చిక్కుపడ్డ నూలు ఉండలా తీగలు. నేర్పేవాడు టై కట్టుకుని వస్తాడు, వేళ్లకి మరక అంటకుండా ఇంటికి వెళ్తాడు. మన పాతవాటికి కరెంటు లేదు, తీగ లేదు. పిడి లాగినవాడి చేతి బలంతోనే అన్నీ తిరిగి, ఆ బలం అయిపోగానే ఒక్కొక్కటిగా ఆగుతాయి. ఇలాంటివి క్లబ్బువాళ్లు లారీలో వేసి వాగులో పారబోస్తుంటే ఎలా చూస్తూ ఊరుకోను? మన ఇంట్లో ఉన్నవాటిలో ఆరు ఆ వాగులోంచి నేను భుజాన మోసుకొచ్చినవే.

మీ నాన్న సంగతి. ఆయన కోపం డబ్బాల మీద కాదు నెడ్డీ, నా మీద. డబ్బాలు నోరు లేనివి కాబట్టి వాటి పేరు చెప్తున్నాడు. నేను వచ్చాక వెళ్లి మాట్లాడతాను. అందాకా వాటిని అమ్మకు, ఎవరికీ ఇవ్వకు. ఇది ఒక్కటే అడుగుతున్నాను.

స్వెట్టరు వేసుకున్నాను. గది యజమానురాలి పిల్లి దాని మీద పడుకుంటోంది.

నీ
ఎమెట్

*

అల్కలీ జంక్షన్
ఫిబ్రవరి 11

ప్రియమైన ఎమెట్‌కి,

నీ ఉత్తరం ఈ ఉదయం వచ్చింది. వెనక్కి పంపించమన్నావు. ఈలోపల ఇంకో రెండు వచ్చాయి. ఏం చెయ్యను?

సోమవారం మంగలి ఆర్డెల్ వచ్చాడు. ముందు రోడ్డు మీద రాష్ట్రాల మధ్య వేసిన తెల్ల గీత దగ్గర నిలబడ్డాడు. అక్కడినుంచి మన అరుగు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. పెదాలు కదుపుతూ వస్తుంటే ప్రార్థన చేసుకుంటున్నాడేమో అని నేనూ తల వంచుకున్నాను.

"మీ వంటిల్లు కూడా నెవాడాలోనే ఉంది కదా అమ్మాయ్?" అన్నాడు.

"ఉంది కదండీ. ఏమైంది?"

"ఏమీ కాలేదు. మంచిది. చాలా మంచిది."

వెళ్లి కారు వెనక నుంచి ఒక డబ్బా తెచ్చాడు. మనిషి ముఖానికి చెమట. దాని ముందు సింహం ముఖం ఉంది, నోరు తెరిచి. ఎమెట్‌కి తెలుసు అన్నాడు. ఇప్పుడైతే ఎమెట్‌కి తెలియదటండీ అనేదాన్ని. అప్పటికి నీ ఉత్తరం రాలేదు కాబట్టి నాకూ తెలియదు.

"ఇదిగో చూడు, మీ నాన్నకి చెప్పకు."

"ఏం చెప్పకూడదండి?"

"నేను వచ్చానని."

"ఎందుకు వచ్చారండి?"

"నేను రాలేదు కదా," అన్నాడు.

కారెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే అరుగు మీద ఇంకొకటి. రెక్కలు చాచిన గద్ద బొమ్మది. మనిషి లేడు. పిడికి ఒక చీటీ కట్టి ఉంది, ఎమెట్‌కి తెలుసు అని. అందరికీ నువ్వు ఏం చెప్పావు? నువ్వు నా దగ్గర దాస్తున్నావా, వాళ్లు నీ దగ్గర దాస్తున్నారా? ఎవరినైనా అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియడం లేదు. నాకు అడగడం ఎలాగూ రాదు.

సిస్టర్ వెల్డాది ముందు భాగం అడిగావు. కోట గుమ్మం లాగా ఉంది, పైన చిన్న గంటలు చెక్కారు. నేనొకటి చేశాను, నవ్వకు. ఐదు సెంట్ల బిళ్ల వేసి లాగాను. మూడు గంటల బొమ్మలు వరసగా వచ్చాయి. బిళ్లలు గలగలా రాలాయి. ఎవరో చూశారన్నట్టు పరిగెత్తి కర్టెన్ వేశాను, తర్వాత ఆ బిళ్లలన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ లోపల వేసేశాను. అవన్నీ వేసేసరికి సాయంత్రమైంది. ఎందుకంటే మధ్య మధ్యలో అది మళ్లీ ఇస్తోంది.

అమ్మను. ఇవ్వను. మాట ఇస్తున్నాను. కానీ నాకు ఒక ఆలోచన వచ్చింది. దానివల్ల నీ డబ్బాలు నీకుంటాయి, నాన్నా వస్తాడు. అయ్యాక చెప్తాను, ముందే చెప్తే చెడుతుంది.

నీ
నెడ్రా

*

షికాగో
ఫిబ్రవరి 15

నెడ్డీ,

సింహం ముఖమా? పళ్లు కనిపిస్తున్నాయా? నాలుక ఉందా? నాలుక ఉంటే దాన్ని తడిగుడ్డతో తుడవకు, ఊపిరి కూడా గట్టిగా వదలకు. అలాంటిది నేను ఫోటోలోనే చూశాను.

ఇప్పుడు ఈ తల పని చెయ్యడం లేదు. నువ్వు చెప్పినవి యూటా వైపు మనుషుల ఇళ్లలోంచి వస్తున్నాయి. అక్కడ ఇలాంటివి చివరిసారిగా కనిపించింది 1949లో. అప్పుడే జూదం నేరమని అన్నీ పగలగొట్టేశారని విన్నాను. పదహారేళ్ల తర్వాత పిల్లల బండ్లలో ఎలా లేచి వస్తున్నాయి? ఇంకో అనుమానం కూడా ఉంది. ఇంట్లో దాచుకోవడం వేరు, లైసెన్సు లేకుండా వ్యాపారం చెయ్యడం వేరు. నేను వ్యాపారం చేస్తున్నానని పట్టించడానికి ఎవరైనా ఇల్లు నింపుతున్నారా? మరి పియానో ముసలమ్మ ఎందుకు పట్టిస్తుంది? టోపీ తియ్యడం ఆలస్యం చేశాననా?

వాపసు ఇచ్చెయ్యి అని రాద్దామని కూర్చున్నాను. ఇవ్వకు అని రాయాలని చెయ్యి లాగుతోంది. ఏదీ రాయను.

ఆ ఆలోచన ఏమిటో ముందు నాకు చెప్పు. చెప్పకుండా చెయ్యకు. నువ్వు మాట్లాడకుండా ఉన్నప్పుడే నాకు ఎక్కువ భయం.

ఎమెట్

*

అల్కలీ జంక్షన్
ఫిబ్రవరి 20

ప్రియమైన ఎమెట్‌కి,

నీ ఉత్తరం నిన్న అందింది. నేను మొన్న గురువారమే చేసేశాను. కాబట్టి చెప్పకుండా చేశానని అనకు, ఉత్తరం ఆలస్యంగా వచ్చిందని అను.

డబ్బాలన్నీ పెరట్లో మీ తాత కట్టిన కొట్టంలో పెట్టించాను. నేను ఒక్కటీ ముట్టుకోలేదు. క్లబ్బులో సరుకు తోసే రెండు చక్రాల బండి ఫే అడిగి తెచ్చింది. ఫే బలం నీకు తెలియదు. ఒక్కొక్కదాన్ని కౌగిలించుకుని బండి మీదకి ఒరిగించి, "పద ముసలోడా" అని తోసింది. మధ్యలో ఇంకో రెండు కూడా వచ్చాయి. తెచ్చినవాళ్లని నేను చూడలేదు, స్నానాల గదిలో ఉన్నాను. మొత్తం పద్నాలుగు. అన్నిటి మీదా దుప్పట్లు కప్పి, వాన పడకుండా రేకు సరిచేసి, తలుపుకి గడియ పెట్టాం. సింహానికి నీ పాత కోటు కప్పాను. నాలుక ఉంది.

ఆ రాత్రే నాన్నకి చీటీ రాశాను. "నాన్నా, ఇంట్లో ఒక్క డబ్బా కూడా లేదు. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడు రా." అంతే రాశాను. నాలుగుసార్లు చింపి రాశాను. ఫే వెళ్లి తలుపు కింద నుంచి తోసి వచ్చింది. ఇంకా కబురు లేదు.

ముందు గది తుడిచాను. ఇల్లు ఖాళీగా ఉంటే నా అడుగులు నాకే వినిపిస్తున్నాయి. పెళ్లయి వచ్చిన కొత్తలో వాటి మధ్య నడవాలంటే సిగ్గుగా ఉండేది, అందరూ నిలబడి నన్నే చూస్తున్నట్టు. ఇప్పుడు ఎవరూ చూడటం లేదు, అదీ బాగోలేదు. నాకేం కావాలో నాకే అర్థం కావడం లేదు ఎమెట్. పీచ్ పళ్ల సీసా ఒకటి తీసి పెట్టాను, నాన్న వస్తే పీచ్ పై కాల్చి పెడదామని.

బజారులో అవతలివైపు ఆడవాళ్లు ముగ్గురు నన్ను చూసి ఒకేసారి నవ్వారు. ఒక్కొక్కళ్లూ మిగతా ఇద్దరూ చూడకుండా నవ్వారు.

నీ
నెడ్రా

*

షికాగో
ఫిబ్రవరి 24, విమానం టపా

నెడ్డీ,

కొట్టం యూటాలో ఉంది.

మళ్లీ రాస్తున్నాను. ఇల్లు నెవాడాలో ఉంది, కొట్టం యూటాలో ఉంది. నువ్వు బట్టల తాడు కడతావే ఆ రాతి స్తంభం, అది గుంజ కాదు, సర్వే రాయి. రోడ్డు మీద గీసిన తెల్ల గీత పెరట్లో కూడా ఉంటుంది, సున్నం వేయరు కాబట్టి కనపడదు. తాత కట్టినప్పుడు గీత ఎక్కడుందో ఎవరికీ పట్టలేదు. గుర్రానికి ఏ రాష్ట్రమైతే ఏం?

ఇప్పుడు రెండో సంగతి విను. నిన్న గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చింది. రైలెక్కే రోజు ఆర్డెల్ దగ్గర క్షవరం చేయించుకున్నాను. నా చెవి దగ్గరికి వంగి, "ఊరికే అడుగుతున్నా, ఇటువైపు ఎవడి దగ్గరైనా ఒక పాత డబ్బా ఉంటే వాడి గతేంటి?" అన్నాడు. అవతలి జిల్లాకి కొత్త ప్రాసిక్యూటర్ వచ్చాడట, ఇళ్లలో దాచినవి కూడా వెతికిస్తాడట. నేను నవ్వి, "పన్నెండు అడుగులు పడమటికి తోసి మా అరుగెక్కించమను, నెవాడాలో అది సామాను, యూటాలో అది నేరం" అన్నాను. అప్పుడు కుర్చీలలో ఇంకో ఇద్దరు కూర్చుని పత్రిక చదువుతున్నారు. పేజీ తిప్పలేదు. హాస్యానికి అన్నానే నెడ్డీ.

వాళ్లు నీకు చెప్పకపోవడానికి కారణం కూడా తెలిసింది. నువ్వు లమార్ థేన్ కూతురివి. నీకు చెప్తే మీ నాన్నకి తెలుస్తుందని భయం.

తంతి ఇద్దామంటే స్టేషన్‌లో దాన్ని చదివేది మీ నాన్న స్నేహితుడు. క్లబ్బుకి ఫోన్ చేస్తే ఫే సెలవులో ఉందన్నారు. ఫేని పిలిచి అన్నీ వెంటనే ఇంట్లోకి తోయించు. మీ నాన్న రాకపోతే రాకపోనీ, ఇప్పుడు అది తర్వాత. అవి పట్టుకుంటే సుత్తితో పగలగొడతారు, నీ పేరు కాగితం మీద రాసుకుంటారు. నువ్వు ఒక్కటీ ఎత్తకు.

ఎమెట్

*

అల్కలీ జంక్షన్
ఫిబ్రవరి 27

ప్రియమైన ఎమెట్‌కి,

నీ విమానం ఉత్తరం ఈ రోజు మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది. కంగారు పడకు. వరసగా చెప్తాను.

బుధవారం నాన్న వచ్చాడు. ఆయన యూటా గడియారంలో పది, గంట వెనక నడిచే మన వంటింట్లో తొమ్మిది. ఇంటి వైపు చూడలేదు. పక్కనుంచి నేరుగా పెరట్లోకి వెళ్లి కొట్టం గడియ తీశాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను, చేతులకి పిండి. చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడ్డాడు. టోపీ తీశాడు. నేను చేతులు తుడుచుకుని వెళ్లాను.

"ఇవి ఇక్కడ ఎవరు పెట్టారు?"

"నేనే నాన్నా. నువ్వు వస్తావని."

"నువ్వు మోశావా, ఈ స్థితిలో?"

"లేదు. ఫే తోసింది."

"ఫే ఎవరు?"

"క్లబ్బులో పేకలు పంచుతుంది."

నాన్న కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత నన్ను రాతి స్తంభం దగ్గరికి పిలిచి చూపించాడు. రైల్వేలో పట్టాల మేస్త్రీగా ముప్పై ఏళ్లు చేసినవాడు, గీత ఎక్కడుందో ఆయనకి తెలియకుండా ఉంటుందా. నువ్వు రాసినవే చెప్పాడు, నీకన్నా తక్కువ మాటల్లో. కొట్టంలోకి ఏవో తోశారని ఎవరో చూసి చెప్పారట, ప్రాసిక్యూటర్ మనుషులు రేపు వస్తున్నారట అన్నాడు. నేను అక్కడే గడ్డిలో కూర్చున్నాను.

"లే. వెళ్లి తలుపు తీసి పట్టుకో."

"ఏ తలుపు నాన్నా?"

"మీ ఇంటి తలుపు."

కోటు విప్పి మేకుకి తగిలించాడు. ఫే వాళ్ల వరండాలోంచి చక్రాల బండి తీసుకున్నాడు, అడగలేదు. మొదట సింహాన్ని తెచ్చాడు. గడప దగ్గర ఆగాడు. ఒక కాలు పైకెత్తి అలాగే ఉంచాడు. నేను తలుపు పట్టుకుని ఆయన ముఖం చూడకుండా బూటు చూస్తున్నాను. బండి బరువు వెనక్కి లాగుతోంది. ఇంకొంచెం ఆగితే డబ్బాతో సహా వెనక్కి పడతాడు. అప్పుడు లోపలికి అడుగు వేశాడు. పద్నాలుగుసార్లు గడప దాటాడు ఎమెట్. డబ్బాలున్న ఇంట్లోకి రానన్న మనిషి వాటిని తనే లోపలికి మోశాడు.

మధ్యలో ఒక విచిత్రం. దుప్పటి తీసినప్పుడల్లా తనలో తను అనుకుంటున్నాడు. "ఆర్డెల్‌ది." "ఇది వెల్డాది, పియానో వెనక పెట్టేది." గద్ద బొమ్మని చూసి, "అమ్మో, ఇతనా" అన్నాడు, పేరు మాత్రం చెప్పలేదు. నీకెలా తెలుసు నాన్నా అని అడిగాను. వినపడనట్టు బండి తోసుకుపోయాడు.

పీచ్ పై తినలేదు. గుడ్డలో కట్టి ఇస్తే తీసుకెళ్లాడు.

గురువారం అవతలి జిల్లావాళ్లు ఇద్దరు వచ్చారు. నాన్న పొద్దున్నే వచ్చి రాతి స్తంభం దగ్గర నిలబడ్డాడు. వాళ్లు కొట్టం తెరిచారు. ఖాళీ. కానీ నేల మీద దుమ్ములో పద్నాలుగు చదరాలు శుభ్రంగా ఉన్నాయి. ఊడవాలని మాకు ఇద్దరికీ తోచలేదు.

"ఇవేంటి?" అన్నాడు పెద్దవాడు.

నాన్న అబద్ధం ఆడడు. ఆయన మెడ ఎర్రబడింది. అప్పుడు నేను అన్నాను, "ఇక్కడ పెట్టినవి. ఇప్పుడు అక్కడ ఉన్నాయండి," అని మన వంటింటి కిటికీ చూపించాను. కొత్తవాళ్లతో నేను అంత పొడుగు మాట మాట్లాడటం ఎప్పుడైనా చూశావా? కిటికీలోంచి సింహం కనపడుతోంది, నోరు తెరుచుకుని. వాళ్లు రాయి దాకా వచ్చి ఆగారు. చిన్నవాడు మునికాళ్ల మీద లేచి, "గద్ద బొమ్మది కూడా ఉంది సార్, బాగుంది," అన్నాడు. పెద్దవాడు అతని వైపు చూశాడు. కాగితం మీద ఏదో కొట్టేసి వెళ్లిపోయారు.

ఇక నిన్న శుక్రవారం. గడ్డి మోపులు వేసుకుని నాన్న ట్రక్కు వచ్చి మన అరుగుకి ఆనుకుని ఆగింది. మనకి గుర్రం లేదు కదా, గడ్డి ఎందుకా అనుకున్నాను. మోపులు తీసి పక్కన పడేశాడు. వాటి కింద ఒక డబ్బా.

ఏదో ఒకటి అనాలని, "ఎమెట్‌కి తెలుసా?" అన్నాను.

"తెలియదు. తెలియాల్సిన పనీ లేదు," అన్నాడు. నేను చెప్తున్నానని ఆయనకి తెలియనివ్వకు.

లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెట్టి, జేబురుమాలుతో దాని మీద గడ్డి దులిపి, అప్పుడు చెప్పాడు, దాని వైపే చూస్తూ. 1949లో రైల్వేవాళ్ల క్లబ్బులో ఏడు డబ్బాలు ఉండేవట. పగలగొట్టమని ఆర్డర్ వచ్చినప్పుడు సుత్తి నాన్న చేతికి ఇచ్చారట, నమ్మకస్తుడని. "ఆరు పగలగొట్టాను. ఏడోదాని వెనక తలుపు తీశాను. తీయకుండా ఉండాల్సింది. లోపల పళ్ల చక్రాల్లో ఒక్క పన్నుకి ఇంకో పన్ను ఎంత బాగా కూర్చుందో చూశాక సుత్తి ఎత్తలేకపోయాను. చేసినవాడు పని తెలిసినవాడు." మిగతావాళ్లు ఎవరెవరు ఎక్కడ దాచుకున్నారో ఆ వారంలోనే ఆయనకి తెలిసిందట. ఎవరూ ఎవరినీ అడగలేదు, పదహారేళ్లు.

"ఎక్కడ పెట్టావు నాన్నా?"

"నేలమాళిగలో, గోధుమల డబ్బాల వెనక."

అమ్మ జబ్బు పడ్డాక, పోయాక కూడా, అయిదేళ్లు ఆ ఇల్లు నేనే చూశాను ఎమెట్. గోధుమలు కావాలంటే ఎప్పుడూ నాన్నే కిందికి దిగి తెచ్చేవాడు. నాకు మెట్లు ఎక్కే కష్టం లేకుండా చేస్తున్నాడని అనుకునేదాన్ని. ఇప్పుడు అది దేనికోసమో తెలియడం లేదు. రెండూ అయ్యుండొచ్చు కదా?

"అమ్మకి తెలుసా?"

"గోధుమల్లో పురుగు చూసేది మీ అమ్మే కదా."

"నువ్వు ఆడేవాడివా?"

"ఆదివారాలు ఆడలేదు," అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను. మరి నన్ను పద్నాలుగు నెలలు ఎందుకు శిక్షించావు అని అడగాలి. ఆయన చేతులు చూసి ఆగిపోయాను. టోపీని ఇటు ఒకసారి అటు ఒకసారి తిప్పుతున్నాడు, పోస్టాఫీసులో ఆయన పక్కన నిలబడి నేను సంచి తిప్పినట్టు. నాకన్నా ఆయనకే సిగ్గు ఎక్కువేమో. ఆ సిగ్గే కోపంలా కనపడిందేమో. నాకు పూర్తిగా అర్థం కాలేదు, నీకు అర్థమైతే రాయి.

తర్వాత లేచి ఇల్లంతా తిరిగాడు. లోపలి గది గుమ్మంలో ఆగి, "బిడ్డ ఎక్కడ పడుకుంటుంది?" అన్నాడు. బిడ్డ అన్న మాట ఆయన నోటి వెంట అదే మొదలు. ఇక్కడే అన్నాను. సాయంత్రం దాకా ఆ గదిలోవన్నీ ముందు గదిలోకి తెచ్చి గోడవారన వరసగా పెట్టాడు. వెళ్లేటప్పుడు మెట్ల మీద ఆగి, "పేరు ఏమైనా అనుకున్నారా?" అని అడిగాడు. అనుకోలేదు నాన్నా, నువ్వే పెట్టాలి అన్నాను. తల ఊపాడు.

ట్రక్కు స్టార్ట్ చేసి మళ్లీ ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి ఇంకో మాట అన్నాడు. తన డబ్బాకి వారం వారం నూనె వెయ్యాలట, లేకపోతే బిగుసుకుపోతుందట, వేరేవాళ్లకి చేతకాదట. అందుకని ప్రతి శుక్రవారం తనే వస్తాడట.

నువ్వు ఒక్కొక్కదానికి ఏడాదికి ఒక్క చుక్క వేస్తావు. అంతకన్నా ఎక్కువైతే దుమ్ము పట్టి పాడవుతుందని నాకు తెలుసు. నేను ఏమీ అనలేదు. సరే నాన్నా అన్నాను. మే నెలలో నువ్వు వచ్చాక నువ్వు కూడా ఏమీ అనకు.

నీ
నెడ్రా